కుడిచేతి గోడ

పిల్లవాడు ఏం పని చేస్తాడని అతియా తండ్రి అడిగాడు. హుస్నాబాద్‌లో వాళ్ల ఇల్లు ఒకటే గది. మంచిర్యాల నుంచి సంబంధం మాట్లాడటానికి వచ్చిన పిల్లవాడి తల్లి వజీరున్నీసా చాయ్ గ్లాసు కింద పెట్టి, "భూల్ భులయ్యా" అంది.

అది ఆయనకు పని పేరులా వినిపించలేదు. ఆయన సైకిళ్లు బాగుచేసేవాడు. పని అంటే చేతికి నూనె అంటుకోవాలి.

"అంటే ఏందమ్మా?"

"రేకులతోని దారులు కడ్తం. జాతరలల్ల, నుమాయిష్‌లల్ల. మనుషులు లోపలికి పోతరు. తిరిగి తిరిగి బయటికొస్తరు."

"వచ్చి?"

"నవ్వుతరు," అంది వజీరున్నీసా. "గంతే."

తండ్రి చాయ్ గ్లాసు మళ్లీ ఆమె వైపు జరిపాడు. జనాన్ని నవ్వించేవాళ్ల ఇంట్లో పిల్ల ఏడవదులే అనుకున్నాడు. ఆ ఏడాదే జబ్బార్‌తో అతియా నిఖా అయింది.

మంచిర్యాలలో ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. వాకిట్లో గోడ పొడవునా రేకులు పేర్చి ఉండేవి. మనిషి కంటే ఎత్తు, ఆకుపచ్చ రంగు, అంచుల్లో తుప్పు. బొగ్గు బండి పోతున్నప్పుడు అవన్నీ సన్నగా మోగేవి. కొత్తకోడలు ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచేది. పక్కన జబ్బార్ గురక పెట్టేవాడు.

అత్త ఆమెకు పనికంటే ముందు మాట నేర్పింది. జాతరలో బోర్డు చూసి ప్రతివాడూ అడుగుతాడు, చెప్పలేకపోతే పరువు పోతుంది, అదీ కారణం.

"భూల్ అంటె తప్పు. మరుపు గూడ అదే. చూడు, భూల్ అన్నవ్, ఒక అడుగు పోయినవ్. భులయ్యా అన్నవ్, గదే మూలకు మళ్ల వచ్చినవ్. గని గా మూల గిప్పుడు వేరే తీర్గ కనవడుతది. మాటల్నే ఉన్నది మొత్తం."

"ఎక్కడిది అమ్మీ గీ మాట?"

"మా మామ లక్నో పోయిండు. ఆడ నవాబులు కట్టిన ఇమాంబాడ మీద అసోంటి సందులున్నయట. చూసొచ్చి మొదలు గుడ్డ కనాతులతోని కట్టిండు. గాలికి లేస్తున్నయని తర్వాత రేకులు తెచ్చిండు. పని ఆడికెళ్లి వచ్చింది. మాట మాత్రం నవాబులది కాదు. వాళ్లకన్న ముందటిది. పిల్లగాడు ఆడుకుంట ఆడుకుంట ఇల్లు మర్చిపోతె, దేవులాడుకుంట పోయిన ఏ తల్లి నోట్లకెళ్లో వచ్చి ఉంటది."

ఊరు మారితే మాట మారేది. కరీంనగర్‌లో బోర్డు చదివి, ఓ పద్మవ్యూహమా అనేవారు. వజీరున్నీసాకు అది నచ్చేది కాదు. దాంట్లో చంపేవాళ్లు ఉంటరు, మన దాంట్లో ఎవలుండరు, అనేది. సరిహద్దు వైపు మరాఠీ కలిసిన ఊళ్లలో ఒకాయన బోర్డు చూసి వెనక్కి తగ్గాడు. చంద్రపూర్ దవాఖానాలో ఆపరేషన్‌కు ముందు తనకు భూల్ ఇచ్చారట, అంటే మత్తు. మళ్లీ ఆ మత్తుకు టికెట్ ఎందుకు కొనాలి అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం లోపలికి పోలేదు.

ఎవరు ఏమన్నా అత్త చెప్పేది ఒక్కటే. లోపల ఎవరూ లేరు. తప్పేది నడిచేవాడే, తప్పించేది కూడా వాడే. ఈ మాటలో ఇంకో మనిషికి జాగా లేదు.

అతియాకు ఆ మాట ధైర్యంగా ఉండేది.

పనికి కొన్ని పద్ధతులుండేవి. గుంజలకు గుంతలు ముందు తవ్వాలి, రేకు తర్వాత ఎత్తాలి. లోపలికి పోయేవాడికి ఒక్కటే చెప్పాలి, భయమైతే కుడిచెయ్యి గోడకు ఆనించి, తీయకుండా నడవమని. చెయ్యి తీయనివాడు ఎంత తిరిగినా, ఎప్పటికైనా పోయిన చోటికే వస్తాడు. ఇంకొకటి. ప్రతి జాతరకూ ఒక మలుపు మార్చాలి. పోయిన ఏడు వచ్చినవాళ్లకు దారి గుర్తుంటే ఆట పోతుంది. మార్చేవాడు ఒక్కడే మారుస్తాడు. మార్చాక, మొదటి టికెట్ చింపకముందే, ఇంట్లో రెండోవాళ్లకు ఆ మలుపు అప్పజెప్పాలి. నోటితో చెబితే చాలదు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, ఆ రేకు మీద ఆ చెయ్యి పెట్టించాలి. జబ్బార్ ప్రతిసారీ అతియా చెయ్యి పట్టుకునిపోయేవాడు. మిగతా రోజుల్లో భార్య చెయ్యి పట్టుకునే రకం కాదు.

వజీరున్నీసా పోయింది. కొడుకు హారిస్ దమ్మామ్‌లో డ్రైవర్‌గా కుదురుకున్నాడు. రేకులు మోయడానికి ఎక్కడికక్కడ మనుషులను పెట్టుకుంటూ, మొగుడూ పెళ్లాలిద్దరే జాతరలు తిరిగారు. అతియా మోకాళ్లు అరిగాయి. జబ్బార్ కుడి భుజం పైకి లేవడం తగ్గింది. ఫోన్లలో బొమ్మలు చూసే పిల్లలు రేకుల మధ్య తిరగడానికి రావడం కూడా తగ్గింది.

జైనూర్ దగ్గర ఒక ఊరి జాతరకు పోయే దారిలో, వ్యాన్‌లో, గొడవ అయింది. మంచిర్యాల బస్టాండ్ దగ్గర చెప్పుల దుకాణానికి జాగా చూశానని హారిస్ ఫోన్ చేశాడు. అతియా సరే అంది. జబ్బార్‌ను అడగకుండానే అంది.

"రేకులేం చేస్తవ్?" అన్నాడు జబ్బార్, రోడ్డు వైపే చూస్తూ.

"పాత ఇనుపోనికి ఇస్త."

"నన్ను గూడ తూకమెయ్యి."

"నిన్నేస్తె ఏమొస్తది. అంత తుప్పే."

మామూలుగా అయితే నవ్వేవాడు. నవ్వలేదు. ఘాట్ ఎక్కి దిగేదాకా రోడ్డు వైపే చూశాడు.

వాళ్లకిచ్చిన జాగా పత్తి ఏరేసి కట్టె పీకేసిన చేను. నల్లరేగడి. ఒకవైపు జాతర దుకాణాలు, మూడువైపులా ఇంకా చేన్లు, అవతల టేకు అడవి. గుంతలు తవ్వించారు, గుంజలు పాతించారు, రేకులు ఎత్తించారు. మలుపు మార్చే పని ఎప్పుడూ జబ్బార్‌ది. ఆ రోజు భుజం సహకరించలేదు. రేకు అంచు పట్టుకుని వదిలేసి, బయటికి పోయి, మిర్చీల పొయ్యి దగ్గర వీపు తిప్పి కూర్చున్నాడు.

అతియా తానే మార్చింది. మూడో మలుపు. ఎడమకు పోయే దారి మూసి, కుడికి తెరిచింది. తర్వాత బయటికి వచ్చి భర్త వీపు చూసింది. లేచి వస్తాడేమోనని కొంచెంసేపు నిలబడింది. రాలేదు. అయితే పోనీ అనుకుంది. మైకు పెట్టింది, జనం వచ్చారు, మొదటి టికెట్ చింపింది.

మిర్చీలు వేసే ఆమె పేరు కొమురవ్వ. ఆ ఊరిదే. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఒక పొట్లం తెచ్చి అతియా చేతిలో పెట్టింది.

"గా బోర్డు మీద ఏం రాసిండ్రు బీబమ్మా?"

అతియా చెప్పింది. అత్త చెప్పినట్టే, తప్పు, మరుపు, మూల, మళ్లీ మూల.

కొమురవ్వ పూర్తిగా విన్నది. "గదా," అంది. "మా దిక్కు చకవా అంటరు."

"చకవా అంటె దారా?"

"దారి గాదు. దారి మర్లించేది."

"అంటె ఎవలు?"

"ఎవలో ఎవలికెర్క? చూసినోడు మర్లి వచ్చి చెప్తె గద." కొమురవ్వ చేతికంటిన పిండి రుద్దుకుంది. "మాపటీలి చేన్లకెళ్లి వస్తుంటవ్. తెల్సిన బాటనే. ఇల్లు గానొస్తది. ఎంత నడిచినా గంత దూరంల్నే గానొస్తది. గప్పుడు చకవా తగిలిందంటరు."

"నువ్వొకసారి లోపలికి పోయిరా అవ్వా. టికెట్ వద్దు."

"నువ్వు పైసలిచ్చినా పోను," అంది కొమురవ్వ, పొయ్యి వైపు నడుస్తూ.

అతియా మిర్చీ కొరికింది. చల్లారిపోయింది. ఎదురుగా లోపల జనం నవ్వుతున్నారు, రేకుల మీద అరచేతులతో చరుస్తున్నారు. అత్త మాటలో లోపల ఎవరూ లేరు. ఈమె మాటలో ఉన్నారు. అదే రేకులు, అదే ఎండ. ఇంతకాలం ఈ రెండో మాట వినకుండా పని చేయగలిగామే అని ఆమెకు అనిపించింది.

పొద్దు వాలగానే టికెట్లు ఆపారు. ఆపాక ఒకరు లోపల మొత్తం తిరిగి, ఎవరూ మిగల్లేదని చూసుకోవాలి. కట్టెతో రేకులు తట్టుకుంటూ తిరుగుతారు. జబ్బార్ పొయ్యి దగ్గర నుంచి లేచాడు. అతియా ముందు నుంచే పోయాడు. ఆమె చెప్పాలనుకుంది. ఆయన ఆమె వైపు చూసి ఉంటే చెప్పేది. చూడకుండా కట్టె తీసుకుని లోపలికి పోయాడు.

కట్టె చప్పుడు వినిపించింది. టక్, టక్. మొదటి మలుపు. రెండోది. తర్వాత చప్పుడు ఆగింది. మూసిన చోట ఆగి చూసుకుంటున్నాడు, తిట్టుకుంటున్నాడు, అనుకుంది అతియా. కొంచెం నవ్వు కూడా వచ్చింది. మళ్లీ చప్పుడు మొదలైంది. ఇప్పుడు దూరంగా వినిపించింది. అంత దూరం లోపల లేదు.

ఆమె టికెట్ల డబ్బా మూసి బయటికొచ్చే దారి దగ్గర నిలబడింది. రావలసిన సేపు దాటింది. ఆమె లోపలికి పోయింది. మొదటి మలుపు, రెండోది, తను మార్చిన మూడోది, అక్కడి నుంచి చివరిదాకా. ఎవరూ ఎదురు రాలేదు. బయట తేలింది. మళ్లీ పోయింది.

ఈసారి రేకు అవతల కట్టె చప్పుడు, పక్కనే.

"ఏమైంది జీ?"

"ఏం గాలే. వస్తున్న." గొంతు మామూలుగానే ఉంది. కోపం కూడా లేదు.

"నేనొక మలుపు మార్చిన. మూడోది. నీకు అప్పజెప్పలే."

"ఎర్కైంది. అది దాటిన."

"దాటితె బయటికి రావాలె గద."

"దాటినంక ఇంకోటి ఉన్నది గద."

"లేదు."

"ఉన్నది అతియా. దాని మీద చెయ్యి పెట్టుకొనే మాట్లాడుతున్న."

ఆమె గొంతు వచ్చిన చోట రేకు మీద అరచెయ్యి పెట్టింది. అవతలి నుంచి అరచెయ్యి ఆనిన బరువు తెలిసింది. రేకు కొంచెం వంగింది. ఆమె చెయ్యి తీసి, ఆ రేకు కొస తిరిగి, అవతలికి పోయింది. మూడు అంగల దూరం. అక్కడ ఎవరూ లేరు. నేల మీద రోజంతా తొక్కిన దుమ్ము, అంతే.

"ఏడున్నవ్?" అంది.

"నీ ఇవుతల్నే," అన్నాడు జబ్బార్, ఇప్పుడు ఇంకో రేకు వెనక నుంచి. "మంచిగ కట్టినవే. ఇంత నేను ఎన్నడు కట్టలే."

అతియా బయటికి వచ్చింది.

జాతర జాగాను వేలంపాటలో పాడుకున్నాయన లింగమూర్తి. రాత్రికి దీపాల వైరు కట్టించుకుంటున్నాడు. అతియా చెప్పింది విని నవ్వాడు.

"నీ దుకాణంల నీ మొగడే తప్పిపోయిండా? గిది పేపర్ల పడాలె."

"నవ్వకు అన్నా. రేకులు ఇప్పియ్యి."

ఆమె ముఖం చూసి ఆయన నవ్వు ఆపాడు. మనుషులను పిలిచాడు. వాళ్లు చుట్టూ నిలబడి, సాయబూ, ఇటు రా, ఇటు, అని అరిచారు. లోపల కట్టె చప్పుడు ఒక్కో గొంతు వైపు తిరిగి, అందరికీ సమానంగా దూరమైంది. అరవద్దంది అతియా. బయటి వరుస నుంచి విప్పడం మొదలుపెట్టారు. ఒక్కో రేకు పడుతుంటే చేను మోగింది. లోపలి వరుసలు తేలాయి. సందుల్లోంచి జబ్బార్ తెల్ల అంగీ కనిపించింది, పోయింది, కనిపించింది.

చివరి రేకు కింద పడుకోబెట్టినప్పుడు ఇంకా వెలుతురుంది. గుంజలు కూడా పీకేశారు. నల్లటి చేను, దాని మీద గుంతల వరుసలు. మధ్యలో జబ్బార్ నడుస్తున్నాడు.

కట్టె ఎక్కడో పారేశాడు. కుడిచెయ్యి భుజం ఎత్తులో పక్కకు చాపి ఉంది. నొప్పి ఉన్న భుజం. అరచెయ్యి నిలువుగా, దేనికో ఆనినట్టు. నేరుగా కొంత దూరం నడిచాడు, ఆగాడు, ఎడమకు తిరిగాడు. మళ్లీ నడిచాడు. తిరిగిన చోట గుంత లేదు. అక్కడ ఏనాడూ రేకు నిలబడలేదు.

"ఆటలాడుతుండా?" అన్నాడు ఒకడు.

జబ్బార్ వాళ్ల జాగా హద్దు దాటి పక్క చేనులోకి పోయాడు. అక్కడ పత్తికట్టె ఇంకా ఉంది. దాని మధ్య కూడా అట్లాగే, నడక, మలుపు, నడక. ఒకచోట దారి మూసుకుపోయినట్టు వెనక్కి మళ్లాడు. ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ లేదు.

"నేను పోయి గుంజుకొస్త," అన్నాడు లింగమూర్తి.

"గుంజు," అంది కొమురవ్వ. ఎప్పుడొచ్చి నిలబడిందో. "మా మొండయ్యను గూడ గట్లనే గుంజిండ్రు."

లింగమూర్తి ఆగాడు. ఆ సంగతి ఆయనకూ తెలిసినట్టుంది. నేల చూశాడు.

"ఎవలు మొండయ్య?" అంది అతియా.

"నా తమ్ముడు. మొక్కజొన్న కోసినంక చేన్ల గిట్లనే తిరిగిండు. నలుగురు పోయి, జబ్బలు పట్టి, చేనుకు అడ్డంబడి ఇంటికి తెచ్చిండ్రు. బువ్వ తింటడు. పేరు పెట్టి పిలిస్తె పల్కుతడు. గని మంచంల నుంచి లేచి తలుపు కడప దాక పోవాలంటె ఇల్లంత తిరుగుతడు, గిట్ల మర్లి, గట్ల మర్లి. ఏండ్లాయె. కడప ఎదురుంగ్నే ఉంటది, చేరడు. కొన్నిసార్లు ఆడ్నే కూసోని ఏడుస్తడు." కొమురవ్వ కొంగు సర్దుకుంది. "మనిషిని తెచ్చిండ్రు. నడక ఆడ్నే ఉన్నది."

"మరి ఏం జెయ్యాలె?"

"మేం చేసింది తప్పని ఎర్క. చేసేదేందో మాకు ఎర్క లేదు బీబమ్మా. వాడు ఏ బాటల ఉన్నడో గా బాటల్నే రావాలె, గంతే. కట్టింది నువ్వు."

కట్టింది తను. అతియాకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. గుంజుకొస్తే భర్త ఇంటికొస్తాడు. చాయ్ తాగుతాడు. వాకిట్లోకి రావడానికి ఇల్లంతా తిరుగుతాడు, మిగిలినన్ని రోజులు, ఆమె కళ్లముందు.

ఆమె లోపలికి పోయే దారి ఉన్న చోటికి నడిచింది. రెండు గుంతలు. వాటి మధ్య నుంచి అడుగు వేసింది. జనం చూస్తున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే ఆగారు. ఆమె గుంతల వెంబడి, రేకులున్నట్టే నడిచింది. మొదటి మలుపు. రెండోది. మూడో మలుపు దగ్గర ఆగింది. ఇక్కడి దాకా తను కట్టింది. ఇక్కడి నుంచి ఆయన పోయిన దారి ఆమెకు తెలియదు.

పోయి పట్టుకుందామంటే మధ్యలో ఎన్ని గోడలున్నాయో. ఏది అడ్డం నడిచినట్టవుతుందో.

అప్పుడు ఆమె ఆయన చెయ్యి చూసింది. కుడిచెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. ఇన్నేళ్లుగా జనానికి చెప్పిన మాట ఆయన తప్పలేదు. తప్పకపోతే తిరిగి ఇక్కడికే రావాలి. ఎంత పెద్దదైనా, ఎవరు కట్టినదైనా.

ఆమె మూడో మలుపులో, తను మార్చిన రేకు ఉన్న చోట నిలబడింది.

జబ్బార్ దూరమవుతూ ఉన్నాడు. పత్తికట్టె దాటి, దాని అవతలి చేను దాటి, టేకు చెట్లలోకి పోయాడు. అంగీ తెలుపు ఆరిపోయింది.

"పోయిండు," అన్నాడు లింగమూర్తి వెనక నుంచి. "ఇగనన్న పోనియ్యవా?"

"పోకు."

"అడవి బీబమ్మా. చీకటి పడ్తది."

"పోకు అన్నా. నీ కాళ్లు మొక్కుత."

కొమురవ్వ లింగమూర్తి చెయ్యి పట్టుకుని ఆపింది. జాతరలో దీపాలు వెలిగాయి. ఎవరో మైకులో పాట పెట్టబోతే లింగమూర్తి అటు తిరిగి బంద్ చేయమని చెయ్యి ఊపాడు. చేను మీద వెలుతురు నేల నుంచి పైకి తగ్గుతూ వచ్చింది. గుంతలు ముందు కనిపించకుండా పోయాయి. అతియా కదల్లేదు. కదిలితే ఈ మూల పోతుంది, పోతే ఆయనకు తిరిగి రావడానికి చోటు ఉండదు, అది ఒక్కటే ఆమెకు తెలుసు. అడవి వైపు చూడటం మానేసి తన కాళ్ల ముందు నేల చూసింది.

అడుగుల చప్పుడు ఆమె అనుకున్న వైపు నుంచి రాలేదు. వెనక నుంచి వచ్చింది. అడవి ఆ వైపు లేదు. ఆమె తల తిప్పలేదు. చప్పుడు దగ్గరైంది, ఆగింది, పక్కకు మళ్లింది, మళ్లీ దగ్గరైంది. టేకు ఆకుల వాసన వచ్చింది. కంటి కొసలో ఆయన చెయ్యి కనిపించింది. అరచెయ్యి గాలిలో జారుతూ వస్తోంది, నెమ్మదిగా, రేకు మీద రేకు దాటుతున్నట్టు. ఆమె ఊపిరి బిగబట్టి భుజం ఒక్క వేలెడు ముందుకు జరిపింది.

అరచెయ్యి ఆమె భుజం మీద ఆనింది.

జబ్బార్ ఆగాడు.

"గీ రేకు ఎచ్చగున్నది," అన్నాడు తనలో తాను.

ఆమె పలకలేదు. గోడ మాట్లాడదు. ఆయన చెయ్యి భుజం మీదే ఉండేటట్టు చూసుకుంటూ, పక్కకు ఒక అడుగు వేసింది. ఆయన ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. గుంతలు కనిపించడం లేదు. కాలి వేళ్లతో తడిమింది. దొరికిన ఒక్కో గుంత పక్కనుంచి, తను కట్టిన వరుసలో, గోడలా జరుగుతూ పోయింది. ఒకచోట ఆయన చెయ్యి బరువు తగ్గింది. ఇంకో దారి ఏదో కనిపించినట్టు ఆయన తల అటు తిరిగింది. ఆమె భుజాన్ని ఆ చేతి కిందికి నెట్టి నిలబడింది. ఎంతసేపు నిలబడిందో. చేతికి మళ్లీ బరువు వచ్చింది.

బయటికొచ్చే దారి గుంతలు కాలికి తగిలాయి. వాటి మధ్య నుంచి ఆమె జరిగింది. ఆయన వచ్చాడు.

"బయటికొచ్చినమా?" అన్నాడు జబ్బార్. ఆమెను చూస్తున్నాడు. అంగీ చేతులు ముళ్లకు చిరిగి ఉన్నాయి.

అతియా చుట్టూ చూసింది. పరచిన రేకులు, జనం, కొమురవ్వ పొయ్యిలో నిప్పు. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. లోపల ఉన్నప్పుడు ఆయనకూ అన్నీ అట్లాగే కనిపించి ఉంటాయా అని ఒక్కసారి అనిపించింది.

"వచ్చినం."

"నువ్వు చెప్తె వచ్చినట్టే," అని ఆయన చెయ్యి తీశాడు.

కొమురవ్వ కుండలోంచి నీళ్లు ముంచి చెంబు ఎత్తి చూపింది. అందరూ ఆయన కాళ్ల వైపే చూశారు. జబ్బార్ చెంబు చూశాడు. నడిచాడు. నేరుగా, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా తిరగకుండా పోయి చెంబు అందుకుని గటగటా తాగాడు. లింగమూర్తి గట్టిగా ఊపిరి వదిలాడు. కొమురవ్వ తలుపు లాంటిదేదో మూసినట్టు కళ్లు మూసి తెరిచింది.

"నువ్వు గూడ రా బీబమ్మా. గా చీకట్ల ఎందుకు నిలబడ్డవ్? ఇన్ని నీళ్లు తాగు."

అతియా నిలబడ్డ చోటికి, పొయ్యికి మధ్య ఖాళీ నేల. పది అంగలుండదు. ఆమె ఒక అడుగు వేసి, మధ్యలో ఇంకా ఏ గోడైనా మిగిలిందేమోనని ఆగింది. తర్వాత కుడికి తిరిగింది, కొంచెం దూరం పోయి ఎడమకు తిరిగింది, చేను అంచు దాకా పోయి చుట్టూ తిరిగి వచ్చింది. అందరూ చూస్తూ ఉన్నారు. ఆమె వచ్చేదాకా జబ్బార్ చెంబులో ఆమెకు నీళ్లు మిగిల్చి పట్టుకుని నిలబడ్డాడు.

"గట్లెందుకొచ్చినవ్?" అన్నాడు.

"ఎందుకైన మంచిదని," అంది అతియా, చెంబు అందుకుని.